చీలిన కాలు, చల్లారిన టీ

ఆ పొద్దున టింగుబాబాయి వేసుకున్న పథకంలో ఆసుపత్రి లేదు. దుకాణం తెరవకముందే పై అర మీదున్న పెద్ద టీ సెట్టును దించాలి, దుమ్ము దులపాలి, కప్పుల్ని ఒక్కొక్కటీ మోగించి చూసుకోవాలి, మధ్యాహ్నంలోపు ముందున్న అద్దాల బీరువాలోకి చేర్చాలి. వీధి చివర కొత్తగా కాఫీ హోటలు పెట్టినావిడ అలాంటి సెట్టు కోసమే దుకాణం దుకాణం తిరుగుతోంది. కదలని సరుకు చోటు తినేస్తుందని ఆయన లెక్క. ఆ లెక్క అన్ని అరలకూ వర్తించేది, పై అరకి తప్ప. ఆ సెట్టు తెచ్చింది ఆయన భార్య. అక్కడ పెట్టిందీ ఆవిడే. పెట్టి, "దీని జోలికి పోకండి" అంది. ఆవిడ పోయాక ఇన్నేళ్ళూ ఆయన ఆ అర కింద నుంచి తలెత్తకుండా నడిచాడు. ఆ పొద్దున ఎందుకో తలెత్తాడు.

ఆయనది పింగాణీ సామాన్ల దుకాణం. వేలి కణుపుతో కప్పుని కొడితే "టింగు"మనాలి. అన్నదంటే మంచి సరుకు. "టక్కు"మన్నదంటే ఎక్కడో కంటికి కనపడని చీలిక ఉన్నట్టు. ఈ అలవాటు దుకాణం దాటి కూడా పోయింది. పుచ్చకాయని మోగించేవాడు, నీళ్ళ కుండని మోగించేవాడు, కొత్త తలుపుని మోగించేవాడు. ఒకసారి బావమరిది బట్టతలని కూడా మోగించి, విని, ఏమీ అనకుండా ఊరుకున్నాడు. ఆ ఊరుకోవడాన్ని బావమరిది ఇప్పటికీ మర్చిపోలేదు. వీధి మొత్తం ఆయన్ని టింగుబాబాయి అనే పిలిచేది.

చీలిక పడ్డ సరుక్కి దుకాణంలో ఒక అర ఉంది, అన్నింటికన్నా కింద. చీలిక సంగతి చెప్పకుండా అమ్మకూడదన్నది భార్య పెట్టిన నియమం. "ఇందులో మంచినీళ్ళు తాగండి, టీ మాత్రం పోయకండి, వేడి తగిలితే చీలిక పాకుతుంది" అని ప్రతి కొనుగోలుదారుకీ చెప్పి మరీ ఇచ్చేవాళ్ళు. ఈ మాటని టింగుబాబాయి జీవితంలో ఎన్నిసార్లు అని ఉంటాడో లెక్కలేదు. చివరికి అది ఆయన్నే పట్టుకుంది.

గుమాస్తా ఎప్పటిలాగే ఆలస్యం. టింగుబాబాయి తనే నిచ్చెన వేసుకుని ఎక్కాడు. నిచ్చెన కాలు కింద ప్యాకింగు గడ్డి ఉందని చూసుకోలేదు. సెట్టున్న అట్టపెట్టె చేతికందాక నిచ్చెన జారింది. పడేటప్పుడు మనిషన్నవాడు దేన్నైనా పట్టుకోవాలని చూస్తాడు. ఆయన మాత్రం పట్టుకున్నదాన్ని వదల్లేదు. పెట్టెని పసిబిడ్డలా గుండెకి హత్తుకుని, కాలి మీద పడ్డాడు.

గుమాస్తా వచ్చేసరికి యజమాని నేల మీద కూర్చుని ఉన్నాడు. దెబ్బ తగిలిందా అని అడిగితే, ముందు పెట్టె చూడమన్నాడు. గుమాస్తా మూత తీసి తొంగిచూసి, అన్నీ నిక్షేపంలా ఉన్నాయన్నాడు. అప్పుడుగానీ టింగుబాబాయికి తన కాలు గుర్తు రాలేదు. లేవబోయాడు. కాలు లేవనిచ్చింది కాదు.

ఎదురుగా స్టీలు సామాన్లు అమ్మే ఆయన తన సరుకుల బండి తీసుకొచ్చాడు. వీధికి ఆయన స్టీలాయన. పాతికేళ్ళుగా ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని, ఒకరి దుకాణంలోకి పోయే మనుషుల్ని ఇంకొకరు చూసి నిట్టూర్చేవాళ్ళు. కష్టమొస్తే మాత్రం ఒకరికొకరు ముందుండేవాళ్ళు. టింగుబాబాయిని బండిలో పళ్ళాల మధ్య పడుకోబెట్టి, స్టీలాయన ఓదార్పుగా అన్నాడు.

"మా సరుకైతే సొట్టతో పోయేది బాబాయ్. లోపల్నించి రెండు దెబ్బలేస్తే సరి."

ఆసుపత్రిలో కాలికి ఎక్స్‌రే ఫొటో తీశారు. డాక్టరమ్మ చిన్నపిల్లలా ఉంది, మాట మాత్రం పెద్దది. ఫిలింని వెలుగుకి పట్టుకుని చూసి, చీలమండకి కాస్త పైన ఎముకలో సన్న చీలిక ఉందంది. పిండికట్టు వేస్తామంది. కాలి మీద బరువు మోపకుండా ఉంటే ఎముక దానంతట అదే అతుక్కుంటుందంది. చివర్లో, వెళ్తూ వెళ్తూ, ఆయన భుజం తట్టి, "భయపడాల్సిందేమీ లేదండీ" అంది.

అప్పటిదాకా లేని భయం ఆ మాటతోనే టింగుబాబాయిని పట్టుకుంది.

ఎందుకంటే ఆ మాట ఆయన ఇంతకుముందు విన్నాడు. అదే ఆసుపత్రిలో, అదే పొడుగాటి వరండాలో, వేరే డాక్టరు నోట. భార్యని లోపల పడుకోబెట్టి ఈయన బయట నిలబడ్డప్పుడు, తెల్లజుట్టు డాక్టరు భుజం తట్టి సరిగ్గా అలాగే అన్నాడు. ఈయన నమ్మాడు. నమ్మి, సీజను కదా అని దుకాణానికి పోయి కూర్చున్నాడు. ఆవిడ మళ్ళీ ఇంటికి రాలేదు. ఆరోజు నుంచీ ఆయన లెక్కలో ఆ మాటకి ఒకటే అర్థం. సరుకు పోయిందని వ్యాపారి నోటితో చెప్పలేనప్పుడు నవ్వుతూ భుజం తడతాడు.

చీలిక దానంతట అదే అతుక్కోవడం మాట సరేసరి. ఇన్నేళ్ళూ పింగాణీ మధ్యే బతికిన మనిషి. దానంతట అది అతుక్కున్న చీలికని ఈ కంటితో చూడలేదు. డాక్టరమ్మని ఒకే ఒక ప్రశ్న అడిగాడు. "ఏం జిగురు పెడతారమ్మా?" ఆవిడ హాస్యమనుకుని నవ్వి, పక్క మంచం దగ్గరికి పోయింది. ఆయన రెండోసారి అడగలేదు. ఇంకొకరి దుకాణంలో గుచ్చిగుచ్చి అడగడం ఆయనకి మర్యాదగా తోచదు. ఇక పిండికట్టు అంటారా, దాని సంగతి ఆయనకి తెలియనిది కాదు. గడ్డి చుట్టి, అట్టపెట్టెలో పెట్టి, దారం కట్టేది సరుకు ఊరు చేరేదాకా కదలకుండా ఉండడానికి. చుట్టినంత మాత్రాన పగిలింది బాగుపడదు.

సాయంత్రం కూతురు బడి నుంచి వచ్చింది. చిన్నపిల్లలకి లెక్కలు చెబుతుంది. తండ్రి కాలికి తెల్లటి కట్టు చూసి బ్యాగు కింద పడేసి, డాక్టరేమందని అడిగింది. ఆయన గోడవైపు చూస్తూ, "భయపడాల్సిందేమీ లేదంది" అన్నాడు. ఆ మాట వినగానే కూతురి మొహంలో ఏదో మారింది. ఆయన గోడవైపు చూస్తున్నాడు కనక గమనించలేదు.

మర్నాటి నుంచి ఆయన తన కాలికి కింది అర నియమాలన్నీ వర్తింపజేశాడు. వేడి తగిలితే చీలిక పాకుతుంది. కాబట్టి టీ చల్లారి మీగడ కట్టాకగానీ ముట్టుకునేవాడు కాదు. అన్నం పొద్దుటిది సాయంత్రం తినేవాడు. స్నానం చన్నీళ్ళతో, అదీ కాలు గుమ్మం బయట పెట్టి. వంటింట్లో కుక్కరు ఈల వేస్తే కుంటుకుంటూ వాకిట్లోకి పోయేవాడు. కాలి వేళ్ళు కదిపితే అదురు లోపలికి పోతుందని కదపడం మానేశాడు. దాంతో వేళ్ళు వాచాయి. వాపు చూసి చీలిక కిందికి దిగిందనుకున్నాడు. కట్టు లోపల దురద పుట్టింది. అది పైకి కూడా ఎక్కుతోందని రూఢి చేసుకున్నాడు. ఫిలింని కిటికీ వెలుగుకి పట్టుకుని గంటలకొద్దీ చూసేవాడు. ఆ సన్న గీత కప్పులో కనపడితే ఆ కప్పుని తను ఏ అరలో పెట్టేవాడో ఆయనకి బాగా తెలుసు.

గుమాస్తాని పిలిచి, ఒక బస్తా ప్యాకింగు గడ్డి ఇంటికి పట్రమ్మన్నాడు. తెచ్చాక కాలి కింద పరిపించుకున్నాడు. తర్వాత కింది అరలో సరుకు మామూలుగా ఎన్నాళ్ళుంటుందని అడిగాడు.

"ఎవరో ఒకరు తీసుకుపోయేదాకా అయ్యగారూ," అన్నాడు గుమాస్తా. ఆ మనిషికి దుకాణం తప్ప వేరే ధ్యాస లేదు.

యజమాని కళ్ళు తుడుచుకున్నాడు. గుమాస్తా ఆ కళ్ళు చూశాడు, చల్లారిన అన్నం చూశాడు, గడ్డి మీద కాలు చూశాడు. చూసినవన్నీ మూట కట్టుకుని నేరుగా స్టీలాయన దగ్గరికి పోయాడు. స్టీలాయన అంతా విని, ఇంతకీ డాక్టరమ్మ ఏమందని అడిగాడు. భయపడాల్సిందేమీ లేదందట అని గుమాస్తా చెప్పాడు. స్టీలాయన తుడుస్తున్న బిందెని పక్కన పెట్టేశాడు. ఆ ఇంట్లో ఆ మాట ఎప్పుడు, ఎవరి గురించి అన్నారో వీధిలో తెలియని వాళ్ళు లేరు.

పక్కవీధిలో ఉండే బావమరిదికి కబురు చేరింది. బస్సు కండక్టరుగా పనిచేసి దిగినవాడు. గొంతు మాత్రం ఇంకా బస్సులోనే ఉంది. అక్క పోయిన రోజు ఆ వరండాలో ఉన్నవాడు కూడా. వచ్చి బావ పక్కన కూర్చుని, కాలి సంగతి ఒక్క ముక్క అడగకుండా, ఎవరినైనా చూడాలనుందా అని అడిగాడు. టింగుబాబాయికి అది తగిన ప్రశ్నలాగే వినపడింది. కాఫీ హోటలావిడని చూడాలి, సెట్టు ఆవిడకి ఇద్దామనుకున్నాను అన్నాడు. బావ ఆఖరి ఘడియల్లో కూడా బేరం మరవలేదని బావమరిది కుమిలిపోయాడు.

"అమ్మాయికి తెలుసా బావా?"

"తెలీదు. చెప్పకు. చిన్నపిల్ల."

ఇక అక్కడి నుంచి అందరికీ అన్నీ తెలుసు, కూతురికి తప్ప. ఆ రహస్యం కాపాడడంలో వీధి ఒక్కమాట మీద నిలబడింది. పాలవాడు ఆమెకి ఎక్కువ పాలు కొలిచి, మొహం తిప్పుకుని పోయాడు. పొరుగింటావిడ ఏ కారణం లేకుండా కౌగిలించుకుంది. బడిలో పెద్దపంతులుగారు పిలిచి, సెలవు కావాలంటే ఎన్నాళ్ళైనా తీసుకోమన్నాడు. ఎందుకండీ అంటే తల వంచుకుని ఫైలు తిరగేశాడు. ఇంటికొచ్చి మేనమామని నిలదీసింది. ఆయన బస్సంత గొంతుని చీమంత చేసుకుని, "ఏం లేదు తల్లీ, భయపడాల్సిందేమీ లేదు" అన్నాడు.

అప్పుడు ఆమెకి నిజంగా భయమేసింది. ఆ మాట వెనక కథ ఆ ఇంట్లో అందరికన్నా ఆమెకే బాగా తెలుసు. అదెందుకో తర్వాత చెబుతాను. మర్నాడు బడికి పోతున్నానని చెప్పి, ఫిలిం బ్యాగులో పెట్టుకుని తిన్నగా ఆసుపత్రికి పోయింది.

సరిగ్గా ఆ మధ్యాహ్నమే దుకాణంలో అప్పగింత పెట్టుకున్నారు. ఆలోచన టింగుబాబాయిదే. నిలబడలేని మనిషి నిచ్చెనలున్న దుకాణాన్ని ఏం చేసుకుంటాడు? తను పోయాక కూతురు ఈ పెళుసు సరుకుతో ఏం వేగుతుంది? తెలిసిన చేతిలో పెట్టిపోవడం మేలు. స్టీలాయన్ని పిలిచి, నువ్వే తీసుకో అన్నాడు. స్టీలాయన వద్దని మూడుసార్లు అన్నాడు. అన్న ప్రతిసారీ కళ్ళు ఒక్కో గోడ మీదికి పోయాయి. చివరికి ఒప్పుకుని, పరామర్శకి వస్తూ జేబులో కొలతల టేపు కూడా వేసుకొచ్చాడు. అలాగని చెడ్డవాడు కాదు. ఏడ్చేవాడు ఏడుస్తూనే గోడ పొడుగు కొలుచుకున్నాడు. టేపు అవతలి కొస పట్టుకున్నది గుమాస్తా. ఎదురు దుకాణంలో తన చోటు అప్పటికే ఖాయం చేసుకున్నాడు.

బావమరిది పనిలో ఉంటేగానీ దుఃఖం ఆగే మనిషి కాదు. వీధి వ్యాపారులందరికీ కబురు పెట్టాడు. ఒకరిద్దరు గౌరవంగా సగం తలుపులు దించి వచ్చారు. ఒకాయన పూలదండ పట్టుకొచ్చి, ఎప్పుడు వెయ్యాలో తెలియక వెనక దాచుకుని నిలబడ్డాడు. కాఫీ హోటలావిడ సెట్టు కోసం వచ్చి, ఈ మనుషుల్ని చూసి, ఇంకెక్కడన్నా కొనుక్కుంటానని చల్లగా జారుకుంది. టింగుబాబాయి దుకాణం మధ్యలో, కుర్చీలో, కాలు గడ్డిపెట్టె మీద పెట్టుకుని కూర్చున్నాడు. చుట్టూ అరల్లో కప్పులూ పళ్ళాలూ నిశ్శబ్దంగా ఉన్నాయి. ఆయన ఒళ్ళో తాళంచెవుల గుత్తి ఉంది. పైనున్న ఖాళీ అర వైపు ఒకసారి చూశాడు. భార్యతో కలిసి ఈ దుకాణం తెరిచిన రోజు ఆ అరలన్నీ ఖాళీగానే ఉన్నాయి. మొదటి కప్పు ఆవిడే మోగించింది. మళ్ళీ అన్నీ ఖాళీ అవుతాయి. లెక్క అక్కడికక్కడికి సరిపోయిందనుకున్నాడు.

గుత్తి చేతిలోకి తీసుకుని స్టీలాయన వైపు చాపాడు. అప్పుడు గుమ్మంలో కూతురు కనిపించింది.

ఆమె ఆసుపత్రి నుంచి పరుగులాంటి నడకతో వచ్చింది. సగం దించిన తలుపులు చూసింది, టేపు చూసింది, వెనక దాచిన దండ కూడా చూసింది. ఒక్కళ్ళని ఒక్కమాట అనలేదు. ఎదురు టీ బడ్డీ నుంచి అందరికీ టీ తెప్పించింది. పొగలు కక్కుతున్న గ్లాసు ఒకటి తీసుకుని తండ్రి దగ్గరికి వచ్చింది. ఆయన గబుక్కున కాలు రెండు చేతులతో పట్టుకుని పక్కకి లాక్కున్నాడు.

"దూరంగా పెట్టమ్మా. వేడి."

"వేడైతే ఏం నాన్నా?"

"చీలిక పాకుతుంది కదా," అన్నాడు. ఇంత తెలిసిన పిల్లకి ఇంత చిన్న సంగతి చెప్పాల్సొచ్చినందుకు ఆయనకే కాస్త సిగ్గేసింది.

దుకాణమంతా ఆమె వైపు చూసింది. ఆమెకి నవ్వొచ్చి ఉండాలి. కానీ తండ్రి మొహంలోకి చూశాక అది నవ్వుగా బయటికి రాలేదు. పదిమందీ టీ తాగుతూ ఉండండని చెప్పి, ఆయన్ని భుజాన ఆనించుకుని వెనక గదిలోకి తీసుకుపోయింది. అక్కడ గడ్డి బస్తాలు, అట్టపెట్టెలు, వాటి మధ్య ఇంకా విప్పని టీ సెట్టు పెట్టె ఉన్నాయి. ఆయన్ని ఒక బస్తా మీద కూర్చోబెట్టి, తను నేల మీద కూర్చుంది. రెండు చేతులూ మోచేతుల దాకా చాపింది.

"ఇందులో ఒకటి విరిగింది నాన్నా. నా చిన్నప్పుడు. ఏదో చెప్పు."

ఆయన నమ్మలేదు. ఏనాడూ విరగలేదన్నాడు. ఆమె చేతులు వెనక్కి తీసుకోలేదు. ఆయన కుడిచేతిని తిప్పి చూశాడు, ఎడమచేతిని తిప్పి చూశాడు. వెలుగుకి పట్టుకున్నాడు. ఆఖరికి తన పద్ధతే తనకి శరణ్యమై, వేలి కణుపుతో రెండు మణికట్లనీ మెల్లగా కొట్టి, చెవి ఆనించి విన్నాడు. రెండూ ఒకేలా వినిపించాయి. జీవితంలో మొదటిసారి చీలిక సరుకేదో, మంచి సరుకేదో ఆయన చెప్పలేకపోయాడు.

"ఎడమది," అంది కూతురు. "నువ్వు సరుకు తేవడానికి నెల్లాళ్ళు ఊరెళ్ళావు. నేను గోడ మీద నుంచి దూకాను. నువ్వొచ్చేసరికి కట్టు విప్పేశారు. నీకు చెప్పొద్దంది అమ్మ. నువ్వు భయపడతావని."

ఆయన ఆ మణికట్టుని వదల్లేదు. జిగురు ఏం పెట్టారని మెల్లగా అడిగాడు. ఏం పెట్టలేదంది. ఆసుపత్రిలో తను అడిగి తెలుసుకొచ్చిందంతా, బడిలో పిల్లలకి చెప్పినట్టు, తొందరపడకుండా చెప్పింది. కప్పు బట్టీలో కాలిన మట్టి. కాలినరోజుతో దాని పని అయిపోయింది. ఎముక అలాకాదు, దానిలో నెత్తురు తిరుగుతుంది. చీలినచోట ఒళ్ళే కొత్త ఎముకని పోగు చేసుకుంటుంది, ముందు మెత్తగా, తర్వాత గట్టిగా. కట్టు చేసేదల్లా ఆ పని జరిగేదాకా కదలకుండా పట్టుకోవడమే. అతికించేది కట్టు కాదు, నువ్వే. కొన్ని వారాలు బరువు మోపకూడదు, అంతే. టీ ఎంత వేడిగానైనా తాగొచ్చు. వేళ్ళు కదపాలి, కదపకపోతేనే వాపు. కాలు ఎత్తులో పెట్టుకోవాలి. దురద పుడితే చీలిక పాకినట్టు కాదు, చర్మానికి గాలి ఆడక. వేళ్ళు నీలంగా మారినా, తిమ్మిరెక్కినా, నొప్పి ఓర్చుకోలేనంత పెరిగినా మాత్రం వెంటనే పోవాలి. అప్పుడు కూడా అడగకుండా ఊరుకుంటే డాక్టరమ్మ ఊరుకోదట.

ఆయన కాలి వేళ్ళ వైపు చూసుకున్నాడు. బొటనవేలిని భయం భయంగా కదిపాడు. కదిలింది. మళ్ళీ కదిపాడు. ఉన్నట్టుండి ఆగి, ఇన్నాళ్ళూ ఎవరినీ అడగని మాట అడిగాడు.

"మరి మీ అమ్మకి కూడా భయపడాల్సిందేమీ లేదన్నారు కదమ్మా."

కూతురు గుమ్మం వైపు చూసింది. అవతల దుకాణంలో బావమరిది ఎవరికో తన అక్క గురించి చెబుతున్నాడు, ఆ గొంతు గోడ దాటి వస్తోంది.

"ఆ డాక్టరు నీతో అలా అనాలని అమ్మే అడిగింది నాన్నా. ఆవిడకి అంతా తెలుసు. నాకూ తెలుసు. నువ్వు ఆ సీజను కాస్త నిమ్మళంగా గడుపుతావని అలా అనిపించింది."

టింగుబాబాయి చాలాసేపు గడ్డిపోచల్ని వేళ్ళతో తుంపుతూ కూర్చున్నాడు. ఇన్నేళ్ళూ ఆయన ఆ తెల్లజుట్టు డాక్టరు మీద ఒక పద్దు రాసి పెట్టుకున్నాడు. అది ఇప్పుడు కొట్టెయ్యాలి. కొట్టేసి ఎవరి పేరున రాయాలో తోచలేదు.

"చీలికుంటే చెప్పి అమ్మాలని నియమం పెట్టింది మీ అమ్మే కదమ్మా," అన్నాడు చివరికి.

"దుకాణంలో," అంది కూతురు.

తనకెందుకు చెప్పలేదని ఆయన అడగలేదు. ఆమే చెప్పింది. నువ్వు ఏనాడూ రెండోసారి అడగలేదు నాన్నా, అడిగితే దాచగలిగేదాన్ని కాదు అంది. ఈసారి నువ్వు కూడా అమ్మలాగే డాక్టరమ్మ పేరు చెప్పి నాకు అబద్ధమాడావేమోననుకున్నాను, అందుకే పరుగెత్తాను అంది. చెబుతూ చెబుతూ ఆమె ఏడ్చింది. ఆయనా ఏడ్చాడు. ఇద్దరూ ఏడ్చింది ఒకే మనిషి కోసం. ఇన్నేళ్ళలో ఆ పని ఇద్దరూ కలిసి చెయ్యడం అదే మొదలు.

కాసేపటికి ఆయన ముక్కు తుడుచుకుని, టీ చల్లారిపోయిందా అని అడిగాడు. కూతురు లేచిపోయి వేడిది తెచ్చింది. మొదటి గుక్క తాగి, కాలివైపు చూసి, కాస్త ఆగాడు. ఏమీ పాకలేదు. మిగతాది ఊదుకోకుండా తాగేశాడు. నాలుక కాలింది.

బయటికి వచ్చేసరికి అందరూ లేచి నిలబడ్డారు. ఎముక అతుక్కుంటుందట అని టింగుబాబాయి చెప్పాడు. ఎవరూ కదల్లేదు. పాపం, చివరిరోజుల్లో ఆశపడుతున్నాడన్న జాలి అందరి మొహాల్లోనూ కనిపించింది. దండ తెచ్చినాయన ఇదే సమయమనుకుని ఒక అడుగు ముందుకేశాడు. కూతురు ఫిలిం చేతిలో పట్టుకుని మళ్ళీ మొదటి నుంచి అందరికీ చెప్పాల్సొచ్చింది. కప్పు, బట్టీ, నెత్తురు, కొత్త ఎముక. సగంలో బావమరిది ప్యాంటు పైకి లాగి, బస్సు మెట్టు మీద విరిగిన తన మోకాలు చూపించాడు. దాని మీదే ఇన్నేళ్ళు నిలబడి టిక్కెట్లు కొట్టానన్నాడు. మరి ఇన్ని రోజులూ ఆ ముక్క ఎందుకు చెప్పలేదయ్యా అంటే, మీరెవరూ కాలి గురించి ఏడవడం లేదు కదా అన్నాడు. అది నిజమే.

స్టీలాయన టేపు చుట్టి జేబులో పెట్టుకున్నాడు. ఆనందంగానే ఉంది ఆయనకి. కానీ వెనకగోడ పొడుగు నోటికొచ్చేసింది, దాన్ని మర్చిపోవడానికి కాస్త టైం పడుతుంది. గుమాస్తా ఏమీ జరగనట్టు గుడ్డ తీసుకుని పళ్ళాలు తుడవడం మొదలెట్టాడు. మర్నాడు టైముకి వచ్చాడు. ఆ తర్వాత మళ్ళీ మామూలే.

తర్వాతిసారి ఆసుపత్రికి పోయినప్పుడు టింగుబాబాయి అడిగిన ప్రశ్నలకి వెనక వరసలో మనుషులు గొణుక్కున్నారు. కొత్త ఎముక ఏ రంగులో ఉంటుంది, పాతదానికన్నా గట్టిదేనా, వానాకాలంలో తేడా ఉంటుందా అని ఒక్కొక్కటే అడిగాడు. డాక్టరమ్మ కొత్త ఫిలిం పట్టుకుని, గీత చుట్టూ మబ్బులా కనిపిస్తున్న చోటు చూపించి, అదేనండీ మీ సరుకు అంది. మొదటిరోజే కూర్చోబెట్టి చెప్పాల్సింది, జిగురు మాట హాస్యమనుకున్నాను అని కూడా అంది. ఆ రోజు ఆవిడ భుజం తట్టబోతే ఆయన మర్యాదగా పక్కకి జరిగాడు. ఆ ఒక్క భయం మాత్రం అతుక్కోలేదు.

కట్టు విప్పాక, కర్ర పట్టుకుని దుకాణంలో నాలుగడుగులు వేశాక, ఆయన టీ సెట్టు పెట్టె విప్పాడు. కాఫీ హోటలావిడ మళ్ళీ వచ్చి ఎదురుగా కూర్చుంది. ఒక్కో కప్పూ తీసి మోగించాడు. టింగు. టింగు. టింగు. అడుగున కాగితంలో విడిగా చుట్టిన కప్పు ఒకటుంది. దాన్ని కొట్టాడు. "టక్కు"మంది. పడ్డప్పుడు పగిలిందేమోనని వెలుగుకి పట్టుకున్నాడు. కాదు. అంచు నుంచి అడుగు దాకా సన్న గీత, ఆ గీత నిండా ఇంకిపోయిన పాత టీ మరక. ఏళ్ళ తరబడి వేడి టీ తాగితేగానీ అంత ముదురు రంగు రాదు. దుకాణంలో భార్య ఎందులో టీ తాగేదో ఆయన ఏనాడూ చూసుకోలేదు. చీలిక సంగతి చెప్పకుండా సెట్టు అమ్మకూడదు, చెప్పడం ఆవిడకి ఇష్టం లేదు. అందుకే పై అర ఎక్కించి, జోలికి పోవద్దంది. అంతకుమించి ఏమీ చెప్పలేదు. ఈయన అడగలేదు.

గుండెకి హత్తుకుని, కాలు విరగ్గొట్టుకుని కాపాడింది ముందే చీలిన సరుకుని. ఇలాంటి బేరం వీధిలో ఇంకెవరైనా చేసుంటే ఆయన ఏడాదిపాటు చెప్పుకుని నవ్వేవాడు. ఆ కప్పుని ఒళ్ళో పెట్టుకుని, గీత మీద వేలితో రాస్తూ కూర్చున్నాడు. హోటలావిడ ఎదురుచూసి ఎదురుచూసి, ఒక కప్పు తక్కువైనా ఫర్వాలేదంది. మిగతా సెట్టు ఆవిడకిచ్చాడు. చీలింది మాత్రం నాదన్నాడు.

ఇప్పుడు రోజూ మధ్యాహ్నం పొగలు కక్కే టీ అందులోనే పోయించుకుంటాడు. చీలిక ఇంకాస్త పాకింది, బొట్టు బొట్టుగా సాసరులోకి కారుతుంది. కాలు అతుక్కుంది, కప్పు అతుక్కోలేదు. కారుతోందండీ అని ఎవరైనా చూపిస్తే, టింగుబాబాయి సాసరుని కాస్త జరిపి, భయపడాల్సిందేమీ లేదంటాడు.